లిప్‌స్టిక్ పామ్ ఎలా పెంచాలి? పిలకలు చావకుండా ఎలా విడదీయాలి?

ఎర్రటి మట్టలుండే లిప్‌స్టిక్ పామ్‌ని జనం రెండు సందర్భాల్లో పోగొట్టుకుంటారు. కొన్న మొదటి వేసవిలో నీళ్ళు చాలక ఒకసారి. నాలుగైదేళ్ళు కష్టపడి పెంచి, దుబ్బు కట్టాక పిలక విడదీయబోయి ఇంకోసారి. మొదటిదానికి ఉపాయం తేలిక. రెండోదే అసలు పని. అందుకే కుండీ, మట్టి సంగతులు గబగబా చెప్పేసి పిలక దగ్గర ఆగుతాను. మీరూ అక్కడే ఆగి రెండుసార్లు చదవండి. కత్తి చేతిలోకి తీసుకున్నాక చదివే తీరిక ఉండదు.

ముందు మొక్క గురించి

దీని శాస్త్రీయ నామం సిర్టోస్టాకిస్ రెండా. 1838లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. పుట్టిల్లు దక్షిణ థాయ్‌లాండ్, మలేసియా, సింగపూర్, సుమత్రా, బోర్నియో. అక్కడ కూడా ఎక్కడపడితే అక్కడ పెరగదు. సముద్ర తీరానికి మరీ దూరం కాని పల్లపు అడవుల్లో, ముఖ్యంగా పీట్ చిత్తడి నేలల్లో ఉంటుంది. ఏళ్ళ తరబడి రాలిన ఆకులు, కొమ్మలు పూర్తిగా కుళ్ళకుండానే నీళ్ళలో నానుతూ పేరుకుపోయిన నేల అది. నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా ఉంటాయి. ఆమ్ల గుణం ఎక్కువ, పీహెచ్ 3 నుంచి 4.5 దాకా ఉంటుంది. ఆ చిత్తడి అడవులు ఎన్నిటినో నీళ్ళు తోడేసి పామాయిల్ తోటలుగా మార్చేశారు. గోదావరి జిల్లాల్లో మనం వేస్తున్న ఆ పామాయిల్ చెట్టు నిజానికి పశ్చిమ ఆఫ్రికాది. ఎక్కడిదో ఒక పామ్ వచ్చి అక్కడి పామ్ చోటు తీసుకుందన్నమాట. ఇంట్లో ఈ మొక్క పెంచేవాళ్ళు దీన్ని ఒక అలంకారంగా మాత్రమే చూడకూడదని నేననేది అందుకే.

ఎర్రగా ఉండేది ఆకు కాదు. ఆకు పచ్చగానే ఉంటుంది. మట్ట, ఆ మట్ట అడుగున బోదెను చుట్టుకుని ఉండే తొడుగు, ఈ రెండే ఎర్రగా ఉంటాయి. బోదె సన్నగా, మణికట్టు లావుకి కాస్త అటూఇటూగా ఉండి, పాత మట్టలు ఊడినచోట గుండ్రటి గీతలు మిగులుతాయి. ఒక్క మొక్క చుట్టూ పిలకలు వేసి దుబ్బు కడుతుంది. నేల మీద, ఇష్టమైన చోట, 30 అడుగులు దాటి కూడా పెరుగుతుంది. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ గుర్తులో ఉన్న పామ్ ఇదే. అక్కడ ఉంటున్న తెలుగువాళ్ళు రోజూ అపార్ట్‌మెంట్ల ముందు చూస్తూనే ఉంటారు.

మీ ఊళ్ళో బతుకుతుందా?

కోనసీమ, కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాలవాళ్ళు నిక్షేపంగా పెంచొచ్చు. కొబ్బరి చెట్ల మధ్య, కాలవ గట్టు పక్కన అయితే ఇంకా మంచిది. విజయవాడ, రాజమండ్రి వాళ్ళకి మే నెల ఒక్కటే గండం. హైదరాబాద్ వాళ్ళకి రెండు గండాలు: ఏప్రిల్, మే నెలల పొడి గాలి, డిసెంబర్, జనవరి రాత్రుల చలి. ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గితే ఈ మొక్క ఎదుగుదల ఆగిపోతుంది. 10 దగ్గరికి వస్తే ఆకుల మీద మచ్చలు పడతాయి, మొవ్వు (కొత్త ఆకులు పుట్టే నడినెత్తి) దెబ్బతింటుంది. అక్కడ కుండీలోనే పెంచండి, చలి రాత్రులు లోపలికి తీసుకురండి. ఆదిలాబాద్ వైపు వాళ్ళకి నేను దీన్ని సిఫార్సు చేయను. వాళ్ళు అరెకా పామ్‌తో సంతోషంగా ఉండొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్ళు దక్షిణ ఫ్లోరిడా, హవాయి తప్ప మిగతాచోట్ల ఆరుబయట ఆశ పెట్టుకోకండి. హీటర్ నడిచే గదిలో గాలి పొడిగా ఉంటుంది. ఆ గాలిలో ఇది నెలలో ఎండుతుంది.

కొనేటప్పుడు

విత్తనాలు కొనకండి. ఇది నా మాటగా కాదు, నియమంగా తీసుకోండి. ఈ జాతి విత్తనం ఆరితే చచ్చిపోతుంది. పండు నల్లబడగానే తీసి, గుజ్జు కడిగి, తడి కోకోపీట్‌లో వెచ్చగా పెడితేనే మొలుస్తుంది. ఆన్‌లైన్‌లో చిన్న జిప్ కవర్లో ఎండిపోయి వచ్చే గింజ మొలవదు. పైగా ఆ ఫొటోల్లో నీలం రంగు, గులాబీ రంగు లిప్‌స్టిక్ పామ్‌లు చూపిస్తుంటారు. అలాంటివి లోకంలో లేవు. ఎరుపు కాక నారింజ, పసుపు ఛాయల రకాలు మాత్రం నిజంగా ఉన్నాయి, వాటికి సేకరించేవాళ్ళ దగ్గర గిరాకీ కూడా ఎక్కువే.

కడియం, కడియపులంక వైపు నర్సరీల్లో దొరుకుతుంది. వెళ్ళినప్పుడు అందరూ చేసే పని ఒకటి ఉంది: ఉన్నవాటిలోకెల్లా ఎర్రగా, ఎత్తుగా ఉన్నది పట్టుకొచ్చేస్తారు. అది ఈ మధ్యనే నేలలోంచి తవ్వి సంచిలో పెట్టిన మొక్క అయ్యే అవకాశం ఎక్కువ. వేర్లు సగం తెగి ఉంటాయి, మీ ఇంటికొచ్చాక మెల్లగా ఎండుతుంది. సంచిని ఒకసారి ఎత్తి చూడండి. అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికొచ్చి, వాటి కొనలు తెల్లగానో లేత గులాబీగానో ఉంటే అది ఆ సంచిలోనే పెరిగిన మొక్క. రెండు మూడు అడుగుల ఎత్తు, మూడు నాలుగు బోదెలు, మధ్యలో కొత్త ఆకు సూదిలా నిటారుగా లేస్తున్నది. అలాంటిది తీసుకోండి, రంగు లేతగా ఉన్నా పరవాలేదు.

చిన్న మొక్క పూర్తిగా పచ్చగా ఉందంటే మోసం అనుకోవద్దు. విత్తనం నుంచి వచ్చింది ఎరుపెక్కడానికి కొన్నేళ్ళు పడుతుంది. మట్ట అడుగున లేత రాగి ఛాయ ఉందేమో వెలుతురుకి పట్టి చూడండి. పసుపు మట్టలున్న అరెకా పామ్‌ని ఇదే అని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. అరెకాకి మట్ట మీద పసుపు మాత్రమే ఉంటుంది, ఎంత పెద్దదైనా ఎరుపు తిరగదు.

కుండీ, మట్టి, నీళ్ళు

కుండీ 14 నుంచి 16 అంగుళాలది చాలు, ప్లాస్టిక్‌దే మంచిది. మట్టి కుండీ గోడల్లోంచి తడి లాగేసుకుంటుంది, ఈ మొక్కకి అది పనికిరాదు.

మిశ్రమం: కడిగిన కోకోపీట్ రెండు పాళ్ళు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక పాలు, పైన గుప్పెడు కట్టెబొగ్గు ముక్కలు. కోకోపీట్ ఇటుకని నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కడగండి. ఉప్పు పోవాలి. ఎర్రమట్టి, నల్లరేగడి రెండూ వద్దు. నర్సరీ వాళ్ళు గట్టి మట్టి వాడతారు కదా అంటారు. లారీలో వందల కిలోమీటర్లు వెళ్ళినా వేరుముద్ద విడిపోకూడదని వాళ్ళ బాధ. మన బాధ వేరు. ఈ మొక్క నీళ్ళలో నిలబడగలదు గానీ, గాలాడని బంకమట్టిలో నిలవనీటితో బతకలేదు.

సంచి మార్చేటప్పుడు పాత మట్టి దులపకండి. ముద్ద మొత్తం నీళ్ళలో గంట నానబెట్టి, కవర్ని బ్లేడుతో చీల్చి, అలాగే దింపండి. వేర్లు కడిగి శుభ్రంగా నాటడం అనే అలవాటు గులాబీలకి సరే, పామ్‌కి వద్దు.

కుండీ కింద లోతైన పళ్ళెం పెట్టి అందులో రెండు అంగుళాల నీళ్ళు ఎప్పుడూ ఉండేలా చూడండి. ఎండాకాలం రోజూ నింపాలి. "నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళదా?" అని అందరూ అడుగుతారు. మిగతా మొక్కలకి కుళ్ళుతుంది. ఇది చిత్తడిలో పుట్టింది. ఒక్క మే మధ్యాహ్నం వేరు పూర్తిగా ఆరితే జరిగే నష్టం, నెల రోజులు పళ్ళెంలో నీళ్ళుంటే జరగదు. దోమల భయం ఉంటే పళ్ళెం బదులు పెద్ద టబ్ పెట్టి రెండు మూడు గప్పీ చేపలు వదలండి. లేదా వారానికోసారి నీళ్ళు పారబోసి పళ్ళెం తుడిచి మళ్ళీ నింపండి.

ఏ నీళ్ళు అన్నది ఎంత అన్నదానికంటే ముఖ్యం. బోరు నీళ్ళు చాలా ఊళ్ళలో కఠినంగా ఉంటాయి. కొన్నాళ్ళకి కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది, కొత్త ఆకు పసుపు పచ్చగా వస్తుంది. వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకోండి. ఏసీ నుంచి బయటికి కారే నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు, వాటిని పారబోయకండి. ఆర్ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్ళు మాత్రం పొరపాటున కూడా పోయకండి, లవణాలన్నీ అందులోనే పోగుపడతాయి.

వెలుతురు: పొద్దున తొమ్మిది దాకా ఎండ, తర్వాత 50 శాతం షేడ్ నెట్. పడమటెండ అసలు వద్దు. తీర ప్రాంతంలో పెద్ద దుబ్బు, కాళ్ళు నీళ్ళలో ఉంటే, పూర్తి ఎండకి కూడా తట్టుకుంటుంది.

ఎరువు, ఎరుపు

నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు మూడు నెలలకోసారి, కవర్ మీద రాసినదాంట్లో సగం. పాత ఆకులు కొనల నుంచి పసుపెక్కుతుంటే పొటాష్, మెగ్నీషియం లోపం. కొత్త ఆకు పాలిపోతుంటే ఇనుము, మాంగనీస్ అందడం లేదని అర్థం. చాలాసార్లు అవి మట్టిలో లేక కాదు, నీళ్ళ కాఠిన్యం వల్ల వేరు తీసుకోలేకపోవడం. నీళ్ళు మార్చకుండా మందు కొనకండి.

ఎరుపు పెంచే ఎరువు అంటూ ఏదీ లేదు. ఇనుప మేకులు గుచ్చడం, బీట్‌రూట్ రసం పోయడం, ఎప్సమ్ సాల్ట్ గుప్పిళ్ళతో వేయడం, ఇవన్నీ చూశాక బాధేస్తుంది. ఎరుపు వయసుతో వస్తుంది, తల్లి మొక్క గుణంతో వస్తుంది, తగినంత వెలుతురుతో తేలుతుంది. అంతే.

ఇంకో చెడ్డ అలవాటు: లోపలి ఎరుపు కనబడాలని ఎండీ ఎండని మట్టని చేత్తో లాగేయడం. పాత మట్ట పూర్తిగా గోధుమ రంగుకి తిరిగి, వేలితో తాకితే దానంతట అది విడివడేదాకా ఆగండి. ముందే లాగితే కింద లేత తొడుగు చీరుకుపోతుంది. ఆ చీరికలో నీళ్ళు నిలుస్తాయి, అక్కడ మొదలైన కుళ్ళు మొవ్వు దాకా వెళ్తుంది.

పురుగుల్లో ఎర్రనల్లి, పిండినల్లి, పొలుసు పురుగు చూసుకోండి. గాలి పొడిబారినప్పుడే ఎర్రనల్లి వస్తుంది. ఆకు అడుగున నీళ్ళు జల్లితే చాలావరకు పోతుంది. కొబ్బరి తోటల పక్కన ఉన్నవాళ్ళు కొమ్ము పురుగు కోసం మొవ్వు చూస్తూ ఉండండి, పేడ గుంట మొక్కకి దగ్గర పెట్టకండి.

ఇక పిలక

మన ఊళ్ళలో పిలక అనగానే అరటి గుర్తొస్తుంది. గునపం వేసి, పక్కకి వంచి, ఒక్క పెకలింపు. అరటి పిలకకి అడుగున దుంప ఉంటుంది, అందులో తిండి నిల్వ ఉంటుంది, వేరు లేకపోయినా బతుకుతుంది. లిప్‌స్టిక్ పామ్ పిలకకి దుంప లేదు, నిల్వ లేదు. తల్లి బోదె నుంచి వచ్చే సన్నటి మెడ ఒక్కటే దానికి ఆధారం. ఆ మెడ తెగేలోపు సొంత వేర్లు లేకపోతే అది చచ్చినట్టే. రెండు నెలలు పచ్చగా కనబడుతుంది కాబట్టి బతికిందనుకుంటారు. పామ్ ఆకు చచ్చాక కూడా చాలాకాలం పచ్చగానే ఉంటుంది.

మామిడి, నిమ్మ కొమ్మల్లాగా దీనికి బెరడు కింద కొత్త కణజాలం పెంచే పొర ఉండదు. తాటి, కొబ్బరి, ఈత అన్నీ అంతే. కోసిన చోట గాయం మూసుకోదు, కోసిన చోటి నుంచి వేర్లు రావు. వేరు పుట్టేది బోదె అడుగున ఉన్న ఒక చిన్న పట్టీ నుంచి మాత్రమే. అందుకని రూటింగ్ హార్మోన్ పొడి అద్దితే పని జరుగుతుందనుకోవడం భ్రమ. డబ్బా మీద ఏం రాసినా సరే. ఒక్కో బోదెకి మొవ్వు ఒక్కటే. దానికి దెబ్బ తగిలితే పక్కనుంచి ఇంకోటి రాదు.

ఇవి మనసులో పెట్టుకుంటే మిగతా పద్ధతంతా తేలిగ్గా అర్థమవుతుంది: వేర్లు రప్పించడం ముందు, కోయడం తర్వాత, పెకలించడం అన్నిటికంటే చివర.

ఎప్పుడు మొదలుపెట్టాలి? మృగశిర కార్తె దాటి వానలు నిలదొక్కుకున్నాక. గాలిలో తేమ ఉంటుంది, రాత్రులు వెచ్చగా ఉంటాయి. దీపావళి తర్వాత ఎవరు ఎంత చెప్పినా కత్తి పట్టకండి. చలిలో వేరు కదలదు. ఎండాకాలంలో అయితే గాయపడిన మొక్క ఆకు నుంచి పోయే నీళ్ళని తట్టుకోలేదు. కార్తీక మాసంలో నర్సరీ ధర చూసి మనసు లాగినా సరే, వచ్చే తొలకరి దాకా ఓపిక పట్టండి.

ఏ పిలక? దుబ్బులో కనీసం నాలుగైదు బోదెలు ఉండాలి. బయటి అంచున ఉన్నది, మోకాలి ఎత్తుకి తగ్గనిది, మూడు ఆకులు పూర్తిగా విచ్చుకున్నది ఎంచుకోండి. జానెడు పిలక ముద్దుగా ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. దుబ్బు మధ్యలో ఉన్నదాన్ని కూడా వదిలేయండి. దాన్ని తీయాలంటే పక్క బోదెల వేర్లు తెగుతాయి.

పైమట్టిని వేళ్ళతో, సన్నటి నీటి ధారతో నెమ్మదిగా పక్కకి నెట్టి చూడండి. పార పెట్టకండి. పిలక అడుగు, తల్లి బోదె కలిసేచోట ఒక మెడ కనబడుతుంది. ఆ మెడకి పైన, పిలక అడుగు నుంచి సొంతంగా కిందికి దిగిన వేర్లు ఉన్నాయా? పెన్సిల్‌లో సగం లావు, గట్టిగా, కొన తెల్లగా ఉన్న వేర్లు మూడు నాలుగు కనబడితే తర్వాతి మెట్టుకి వెళ్ళొచ్చు. చాలాసార్లు కనబడవు. ఈ పామ్ పిలకలు తరచుగా మట్టికి పైనే, గాలిలో పుడతాయి, వేరు దిగడానికి వాటికి మట్టే అందదు. అడుగున చిన్న చిన్న బొడిపెలు మాత్రం కనబడతాయి. అవి వేర్ల మొదళ్ళు. తడి తగలక ఆగిపోయి ఉంటాయి.

అలాంటప్పుడు మట్టి ఎగదోయాలి. వెడల్పాటి ప్లాస్టిక్ సీసా అడుగు కోసేసి, నిలువునా చీల్చి, పిలక అడుగు చుట్టూ కాలర్‌లా తొడిగి, తాడుతో కట్టండి. అందులో నానబెట్టిన కోకోపీట్, నర్సరీల్లో దొరికే నాచు (స్ఫాగ్నమ్ మాస్) సగం సగం కలిపి వదులుగా నింపండి. గట్టిగా అదమకండి. ఆ బొడిపెలన్నీ మునగాలి, కానీ మొవ్వు వైపు ఆకు తొడుగులు విడిపోయే చోటుకి తడి చేరకూడదు. రోజూ తడపాలి. ఒక్క వారం మరిచిపోయి ఆరనిస్తే అప్పుడే బయటికొచ్చిన వేరుకొనలు ఎండి నల్లబడతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. మూడు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. అంటే ఈ వానాకాలం ఎగదోస్తే వచ్చే వానాకాలం కోత. ఈ మాట చెప్పగానే సగం మంది నిట్టూరుస్తారు. ఇంత అపురూపమైన మొక్కని ఇంట్లో పెట్టుకున్నాక ఏడాది ఆగడం పెద్ద విషయం కాదు.

సీసా గోడలోంచి వేర్లు తిరుగుతూ కనబడ్డాక మొదటి కోత. ఇనుము కోసే రంపపు బ్లేడు ఒకటి తీసుకుని, ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకోండి. ఇరుకు సందుల్లోకి అది దూరినట్టు చాకు దూరదు. బ్లేడుని స్పిరిట్‌తో తుడవండి. మెడ సరిగ్గా ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుని, పిలక వైపు కాదు, తల్లి వైపుకి ఆనించి కోయండి. కొంచెం తల్లి కండ పిలకతో వచ్చినా ఫర్వాలేదు, పిలక అడుగు మాత్రం తెగకూడదు. మెడలో సగం దాకానే కోసి ఆపేయండి.

సగమే. ఇక్కడే చేయి ఆగదు. సగం తెగాక ఇంకో నాలుగు లాగుళ్ళు లాగితే అయిపోతుంది కదా అనిపిస్తుంది. ఆపండి. సగం మెడ మిగిలి ఉన్నంతకాలం తల్లి నుంచి నీళ్ళు, తిండి కొంత వస్తూనే ఉంటాయి. ఆ కొరత తెలిసి పిలక తన వేర్లని పెంచుకోవడం మొదలుపెడుతుంది. ఒకేసారి కోసిన పిలకలకీ, రెండు విడతల్లో కోసినవాటికీ తేడా మీరే చూస్తారు. కోత మీద రాగి మందు పేస్టు గానీ, కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన శిలీంద్ర మందు (బూజుని చంపేది) నీళ్ళలో చిక్కగా కలిపి గానీ పూయండి. ఏదీ లేకపోతే పసుపు. పుల్లముక్క ఒకటి సందులో దూర్చి కోత అంచులు అంటుకోకుండా ఉంచండి. మట్టి మళ్ళీ కప్పకుండా రెండు రోజులు గాలికి వదిలి, తర్వాత కప్పండి.

అయిదారు వారాలు ఆగాలి. ఈలోపు మొక్క ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక పని చేయండి. మధ్యలో లేస్తున్న సూది ఆకు, దాని పక్కనున్న పాత మట్ట, రెండిటి మీదుగా అడ్డంగా మార్కర్ పెన్‌తో ఒకే గీత గీయండి. సూది పెరుగుతుంటే దాని మీది గీత పైకి జరుగుతుంది, పక్క మట్ట మీది గీత అక్కడే ఉంటుంది. రెండు వారాలకి కందిగింజంత ఎడం వచ్చినా మొక్క పనిచేస్తోందని అర్థం. ఎడం రాకపోతే రెండో కోత వాయిదా వేయండి, ఎన్నాళ్ళయినా సరే. ఆకు పచ్చదనాన్ని నమ్మకండి, గీతని నమ్మండి.

గీత కదులుతుంటే రెండో కోత. మిగిలిన సగం మెడ కోసేయండి, మందు పూయండి. ఇప్పుడు పిలక తల్లి నుంచి పూర్తిగా విడిపోయింది, అయినా అదే కుండీలో, అదే చోట నిలబడి ఉంటుంది. ఇంకో మూడు నాలుగు వారాలు అలాగే ఉంచండి. ఇదే అందరూ ఎగరగొట్టేసే మెట్టు. కోత గాయం ఒకటి, వేరు కదలిక గాయం ఒకటి, రెండూ ఒకేరోజు పెడితే మొక్క తట్టుకోలేదు. ఈ మూడు నాలుగు వారాల్లోనూ గీత కదులుతూ ఉండాలి.

ఈ దశలో సూది ఆకు వాడినట్టు, రంగు తగ్గినట్టు అనిపిస్తే లాగి చూడాలనే కోరిక పుడుతుంది. లాగకండి. ఆరోగ్యంగా ఉన్న సూదిని లాగినా మొవ్వు చిరుగుతుంది. నిజంగా కుళ్ళితే అదే వేలితో తాకగానే ఊడి చేతికొస్తుంది, అడుగున పుల్లటి దుర్వాసన వస్తుంది. అప్పుడు కుళ్ళిన ముద్ద తీసేసి, మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిగా ఆ గుంటలో పోయండి. నురుగు ఆగాక తుడిచి, శిలీంద్ర మందు వేసి, పైనుంచి నీళ్ళు పోయడం మానేయండి. కొన్ని తిరిగి చిగురిస్తాయి. అన్నీ కాదు.

కుండీలోకి మార్చడం

పిలక చుట్టూ జానెడు వెడల్పున మట్టితో సహా ముద్దగా లేపండి. చేయి అడుగుకి పోనిచ్చి ఎత్తాలి, బోదె పట్టుకుని లాగకూడదు. కొత్త కుండీ ఆ ముద్దకంటే రెండు అంగుళాలు పెద్దది చాలు. పెద్ద కుండీలో పెడితే వేర్లు లేని మట్టి తడిగా ఉండి పులుస్తుంది. ముందు ఎంత లోతులో ఉందో అంతే లోతు. గట్టిగా నిలబడాలని లోతుగా పాతేవాళ్ళు మొవ్వుని మట్టిలో పూడుస్తున్నారన్నమాట. నిలబడకపోతే వెదురు పుల్ల పాతి మెత్తటి గుడ్డపేలికతో కట్టండి.

అన్నిటికంటే పాత ఆకు ఒకటి తీసేయండి, మిగతా రెండిటిని సగానికి కత్తిరించండి. సూదిని ముట్టుకోవద్దు. పైనుంచి పెద్ద పారదర్శక ప్లాస్టిక్ కవర్ కప్పి, నీడలో పెట్టండి. కవర్ లోపలివైపు నీటి బిందువులు పట్టి ఉండాలి. మధ్యాహ్నం ఒక పది నిమిషాలు తెరిచి గాలి మార్చండి. కొత్త పిలక కుండీ కింద పళ్ళెం నీళ్ళు ఇప్పుడే పెట్టకండి. పైన చెప్పిన నియమం వేర్లు పట్టిన మొక్కకి. తెగిన వేర్లున్న పిలకకి మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి గానీ నీళ్ళలో నిలబడకూడదు. మొదటి కొత్త ఆకు విచ్చాక పళ్ళెంలో అర అంగుళంతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

రెండు నెలలు ఎరువు వద్దు. జీవామృతం, వర్మీ వాష్, వేపపిండి, ఇంట్లో ఏది తయారుగా ఉన్నా వద్దు. కొత్త వేరుకొన మీద ఎరువు పడితే కాలుతుంది. కవర్ని ఒక్కరోజులో తీసేయకుండా మొదటి వారం అడుగున నాలుగు రంధ్రాలు, రెండో వారం ఇంకో నాలుగు, అలా తెరుస్తూ నెలకి పూర్తిగా తీయండి. ఎండలోకి మార్చడం వచ్చే ఉగాది దాకా మరిచిపోండి. అప్పుడైనా పొద్దుటెండే.

తల్లి దుబ్బుని కూడా పట్టించుకోవాలి. కోసిన వైపు గుంటలో కొత్త మిశ్రమం నింపి, ఆ వైపు బోదెలు వాలకుండా కర్ర ఊతం ఇవ్వండి. ఆ ఏడాది దాన్నుంచి ఇంకో పిలక తీయకండి. రెండేళ్ళు గడిచి, కోత వైపు నుంచి కొత్త పిలకలు లేచాక మళ్ళీ ఎంచుకోవచ్చు. అప్పుడు కూడా ఒక విడతకి ఒక్కటే.